అయానిక్ ద్రవాలు: లోహం కరిగిన తర్వాతి కథ కూడా రాయండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ విజ్ఞానం పేజీలో అయానిక్ ద్రవాల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత ఫోన్లు, కంప్యూటర్ బోర్డులు, పాడైన బ్యాటరీల నుంచి లోహాలు తీయడానికి ఘాటైన యాసిడ్లకు బదులు ఈ ద్రవాలు పనికొస్తాయని తెలుగులో అంత చోటిచ్చి రాసినందుకు చాలా సంతోషించాను. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. కాబట్టి ఈ విషయం గురించి ఎంత రాసినా తక్కువే.

కానీ ఆ వ్యాసంలో మూడు మాటలు చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. లోహాన్ని ఈ ద్రవంలో వేస్తే చాలు, దానంతటదే కరిగిపోతుందన్నారు. ద్రవం ఆవిరి కాదు కాబట్టి ప్రమాదం లేదన్నారు. ఎన్నిసార్లయినా వాడుకోవచ్చన్నారు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. మిగతా భాగం చెప్పకపోతే మాత్రం చదివినవాళ్లు తప్పుదారిలో పడతారు. నా ఉద్యోగమంతా లోహాలను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే ల్యాబ్‌లోనే గడిచింది. మొదట్లో కిరోసిన్, యాసిడ్లతో, తర్వాత ఈ అయానిక్ ద్రవాలతో పనిచేశాను. వీటి మీద నాకు ఎంతో ఆశ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. అయానిక్ ద్రవమంటే ద్రవంగా ఉండే లవణం, అంతే. మనం తినే ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులోని సోడియం, క్లోరైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, చిన్నవి, గుండ్రటివి, ఒకదాని పక్కన ఒకటి గట్టిగా సర్దుకుంటాయి. అదే ఒక అయాన్ పెద్దదిగా, వంకరటింకరగా, పొడుగు తోకలతో ఉంటే ఆ సర్దుబాటు కుదరదు. అప్పుడు లవణం తక్కువ వేడికే ద్రవమైపోతుంది. వంద డిగ్రీల లోపు కరిగే లవణాలన్నిటినీ ఈ పేరుతో పిలుస్తున్నారు. పాల్ వాల్డెన్ అనే రసాయన శాస్త్రవేత్త 1914లోనే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుందని రాశాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1951లో హర్లీ, వియర్ అనే ఇద్దరు అమెరికన్లు ఇలాంటి ద్రవంలోంచి అల్యూమినియం పూత పూసి చూపించారు. నీళ్లలో అది కుదరని పని, ఎందుకంటే కరెంటు పెట్టగానే అల్యూమినియం కన్నా ముందు హైడ్రోజన్ బయటికొస్తుంది. అయితే ఆ ద్రవాలకు తేమ పడదు, గాలి తగిలితే యాసిడ్ పొగలు వస్తాయి. 1992లో విల్క్స్, జవొరొట్కో గాలికీ నీటికీ చెడని రకాలను తయారుచేశాకే మాలాంటి మామూలు ల్యాబులకు ఇవి అందుబాటులోకి వచ్చాయి.

ఇక మొదటి మాట, "వేస్తే చాలు, కరిగిపోతుంది". ఏ లోహం, ఏ రూపంలో, ఏ ద్రవంలో అన్నది చెప్పకుండా ఈ మాట అనకూడదు. లోహపు ఆక్సైడ్ కరగాలంటే రెండు పనులు జరగాలి. దానిలోని ఆక్సిజన్‌ను ఎవరో పట్టుకుపోవాలి. ఒంటరిగా మిగిలిన లోహ అయాన్‌కు ఎవరో తోడుండాలి. మామూలు యాసిడ్‌లో మొదటి పని ప్రోటాన్, అంటే యాసిడ్ వదిలే హైడ్రోజన్ అయాన్, చేస్తుంది, ఆక్సిజన్‌ను నీరుగా మార్చి తీసుకెళ్తుంది. రెండో పని క్లోరైడో, సల్ఫేటో, నీళ్లో చేస్తాయి. అయానిక్ ద్రవంలోనూ ఈ రెండు పనులూ తప్పవు. ఊరికే అయాన్లతో నిండి ఉన్నంత మాత్రాన ఏ ద్రవమూ ఆక్సైడ్‌ను కరిగించదు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన విద్యార్థులు మంచి పేరున్న ఇమిడజోలియం ద్రవం (నైట్రోజన్ ఉన్న వలయంలాంటి అయాన్‌తో చేసింది) తీసుకుని అందులో కాపర్ ఆక్సైడ్ వేసి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద రాత్రంతా తిప్పుతారు. పొద్దున వచ్చి చూస్తే నల్లపొడి నల్లపొడిలాగే అడుగున ఉంటుంది.

2006లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో పీటర్ నోకెమన్, కోయెన్ బిన్నెమన్స్ బృందం చేసిన పని ఈ చిక్కును విప్పింది. వాళ్లు బీటైన్ అణువును ధనాయాన్‌గా, అంటే ధనావేశమున్న అయాన్‌గా, తీసుకున్నారు. చక్కెర దుంపల్లో దొరికే సాదాసీదా పదార్థం అది. దానికి ఒక చివర కార్బాక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. ఆ యాసిడ్‌లోని ప్రోటాన్ ఆక్సిజన్‌ను నీరు చేస్తుంది, మిగిలిన కార్బాక్సిలేట్ లోహాన్ని పట్టుకుంటుంది. రెండు పనులూ ఒకే అణువు చేసేస్తుంది. కాబట్టి యాసిడ్ లేదని మీ వ్యాసంలో రాశారు కానీ, ఇక్కడ యాసిడ్ లేకపోలేదు. అది ద్రవం లోపలే ఉంది, సీసాలోంచి పొగలు చిమ్మకుండా ఉంది. పాఠకులకు చెప్పాల్సింది ఇదే.

ఆ ద్రవం అన్నిటినీ కరిగించదు కూడా. రేర్ ఎర్త్ లోహాల (ఇట్రియం, యూరోపియం లాంటివి) ఆక్సైడ్లు, రాగి, జింకు, సీసం, నికెల్ ఆక్సైడ్లు కరుగుతాయి. ఇనుము, అల్యూమినియం, సిలికా దాదాపు కదలవు. మీ వ్యాసం దీన్ని లోపంలా చూపించింది. మా దృష్టిలో అదే దాని గొప్పతనం. చెత్తలో ఎక్కువగా ఉండేవి ఇనుము, అల్యూమినియం, సిలికాలే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే అక్కర్లేనివి కూడా కరిగి యాసిడ్‌ను తినేస్తాయి, ఆ తర్వాత వాటిని వేరుచేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పాత ట్యూబ్‌లైట్ల లోపలి తెల్లపొడి. చూడ్డానికి ఒకే తెలుపు. నిజానికి అందులో రకరకాల పొడులు కలిసి ఉంటాయి. ఎరుపు వెలుగునిచ్చేది యూరోపియం కలిపిన ఇట్రియం ఆక్సైడ్. ఆకుపచ్చనిచ్చేది లాంథనం ఫాస్ఫేట్, అందులో సీరియం, టెర్బియం. నీలానికి వేరే అల్యూమినేట్. వీటికి తోడు పెద్దగా విలువ లేని హాలోఫాస్ఫేట్ బోలెడంత. మామూలు యాసిడ్ పోస్తే మొట్టమొదట కరిగేది ఆ విలువ లేని హాలోఫాస్ఫేటే. 2015లో డేవిడ్ డ్యూపాంట్, బిన్నెమన్స్ ఇదే బీటైన్ ద్రవాన్ని వాడి ఎరుపు పొడిని మాత్రమే కరిగించారు, మిగతావన్నీ అలాగే ఉండిపోయాయి. తర్వాత అందులో ఆక్సాలిక్ యాసిడ్ కలిపారు. ఇట్రియం, యూరోపియం రెండూ ఆక్సలేట్‌గా తెల్లగా అడుగుకు దిగాయి. అదే క్షణంలో ఆక్సాలిక్ యాసిడ్‌లోని ప్రోటాన్లు బీటైన్‌కు తిరిగి చేరాయి, అంటే ద్రవం మళ్లీ మొదటి రూపానికి వచ్చింది. ఆ ఆక్సలేట్‌ను కాలిస్తే మళ్లీ ఎరుపు వెలుగునిచ్చే పొడే వస్తుంది. ఒకే అడుగులో లోహం బయటికి, ద్రవం పునరుద్ధరణ. ఈ పని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు బాధగా అనిపించింది.

ఆ ద్రవానికి ఇంకో గుణం ఉంది. దానితో పనిచేసిన ప్రతివాళ్లకూ అది కళ్లముందు మెదులుతూ ఉంటుంది. నీళ్లతో కలిపి వేడిచేస్తే 55 డిగ్రీలు దాటాక రెండూ కలిసిపోయి నిర్మలమైన ఒకే ద్రవం అవుతుంది. వేడి ఆపేసి బీకర్ పక్కన పెడితే కాసేపటికి ఒక్కసారిగా మసకేస్తుంది, సన్నటి బిందువులు పుడతాయి, అవి కలిసి బరువుగా కిందికి దిగి వేరే పొర కడతాయి. రాగి ఉంటే ఆ కింది పొర నీలంగా కనిపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు పొరలే లేవు కాబట్టి లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపు దాటడానికి ఆలస్యం ఉండదు, గట్టిగా కుదపనక్కర్లేదు. చల్లారితే వేరుచేసే పని దానంతటదే జరుగుతుంది. అయితే చల్లారిన తర్వాత పైన మిగిలిన నీటిలోనూ కొంత బీటైన్ ద్రవం కరిగే ఉంటుంది. ఆ నీటిని ఏం చేశారన్నదాని గురించి మళ్లీ చెబుతాను.

బంగారం సంగతి వేరు. బోర్డుల మీద బంగారం ఆక్సైడ్ రూపంలో ఉండదు, లోహంగానే ఉంటుంది. లోహంగా ఉన్నదాన్ని కరిగించాలంటే దాని దగ్గర్నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కునే ఆక్సీకరణి ఒకటి తప్పనిసరి. 1887 నుంచి వాడుతున్న సయనైడ్ పద్ధతిలో ఆ పని గాలిలోని ఆక్సిజన్ చేస్తుంది. సయనైడ్ లోహాన్ని పట్టుకుని ఉంచుతుందంతే. ఈ కొత్త ద్రవాల్లోనూ అంతే. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ అబ్బాట్ బృందం కోలిన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవంలో అయోడిన్ వేసి బంగారాన్ని కరిగించింది. అయోడిన్ లేకుండా ఆ ద్రవంలో బంగారం ఎన్నాళ్లుంచినా చెక్కుచెదరదు. పైగా బోర్డులో బంగారం కన్నా రాగి ఎన్నో వందల రెట్లు ఎక్కువ. ముందు రాగి కరుగుతుంది, వేసిన అయోడిన్‌ను చాలావరకు అదే మింగేస్తుంది. కాబట్టి ముందు రాగిని ఎలా తప్పిస్తారన్న దానిమీదే బంగారం తీసే పద్ధతి మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి. "వేస్తే కరిగిపోతుంది" అన్న మాటలో ఈ సంగతంతా మాయమైపోయింది.

సయనైడ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 2000 జనవరిలో రొమేనియాలోని బాయా మారే దగ్గర బంగారం శుద్ధి చేసే చోట కట్ట తెగి లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీళ్లు నదుల్లో కలిశాయి. టిస్సా నదిలో చేపలు గుట్టలుగా చచ్చిపోయాయి. అలాంటివి తప్పాలనే ఈ పరిశోధనలన్నీ. కాబట్టి ఈ కొత్త ద్రవాలనూ అదే కొలతతో కొలవాలి. నదిలో కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న వీటినీ అడగాలి.

కరిగించడం గురించి ఇంత రాశాను కానీ, మా పనిలో అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ప్రాజెక్టు కోసం వచ్చే పిల్లలు "మేడమ్, అంతా కరిగిపోయింది, ఇక అయిపోయినట్టే కదా?" అని అడుగుతారు. లోహాన్ని గట్టిగా పట్టుకునే ద్రవం దాన్ని అంత తేలిగ్గా వదలదు. వదలని ద్రవం ఎంత గొప్పగా కరిగించినా ఏం లాభం?

కోబాల్ట్, నికెల్ విడదీసే ప్రయోగం ఇక్కడ చెప్పాలి. బ్యాటరీల్లో రెండూ కలిసే ఉంటాయి, గుణాల్లో అక్కాచెల్లెళ్లలాంటివి, విడదీయడం కష్టం. పొడుగు తోకలున్న ఫాస్ఫోనియం క్లోరైడ్ (ఫాస్ఫరస్ మధ్యలో ఉండే ధనాయాన్‌తో చేసిన లవణం) ఒకటి ఉంది, ద్రవంగానే దొరుకుతుంది, నీటి మీద తేలుతుంది. గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కోబాల్ట్, నికెల్ రెండూ ఉన్న ద్రావణాన్ని సెపరేటరీ ఫన్నెల్‌లో, అంటే పొరలను వేరుచేసే గాజు గరాటులో, పోసి, దాంట్లో ఈ ద్రవం కలిపి, కుదిపి, స్టాండుకు తగిలించి వదిలేయాలి. పొరలు తేరుకునేకొద్దీ పై పొర చిక్కటి నీలంగా మారుతుంది. కోబాల్ట్ నాలుగు క్లోరైడ్లను పట్టుకుని రుణావేశపు ముద్దగా మారి పైకి వెళ్లిపోయిందన్నమాట. నికెల్‌కు ఆ బుద్ధి లేదు. నీళ్ల అణువులను వదులుకోదు, కింది పొరలో లేత ఆకుపచ్చగా అక్కడే ఉండిపోతుంది. తర్వాత నీలం పొరను వేరుచేసి వట్టి నీళ్లతో కుదిపితే, క్లోరైడ్ గాఢత తగ్గి కోబాల్ట్ మళ్లీ నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. నీలం, ఆకుపచ్చ, గులాబీ. ఒక్క ఫన్నెల్‌లో మూడు రంగులూ చూశాక ఎవరికైనా ఈ ద్రవాల మీద ప్రేమ పుడుతుంది. 2012లో వెలువడిన పనిలో లూవెన్ వాళ్లు దీన్ని ఏ కిరోసినూ కలపకుండా చేసి చూపించారు.

కానీ అసలు బ్యాటరీ పొడిలో ఇనుము కూడా కొంత ఉంటుంది. అది కూడా నాలుగు క్లోరైడ్లతో కలిసి పై పొరలోకి వచ్చేస్తుంది, కోబాల్ట్ కన్నా ఆత్రంగా వస్తుంది. వచ్చాక నీళ్లతో కుదిపితే అంత సులువుగా దిగదు. కోబాల్ట్ పోయాక కూడా ద్రవం పసుపుపచ్చగా మిగిలిపోతుంది. ఆ ఇనుము ప్రతి విడతలో కాస్త కాస్త పేరుకుని, కోబాల్ట్‌కు దక్కాల్సిన చోటును ఆక్రమించుకుంటుంది. దాన్ని దించడానికి వేరే రసాయనం కావాలి, ఆ రసాయనాన్ని వదిలించుకోవడానికి ఇంకో కడుగుడు కావాలి. శుద్ధమైన కోబాల్ట్ క్లోరైడ్, నికెల్ క్లోరైడ్ సీసాల్లోంచి తీసి చేసిన ప్రయోగంలో ఈ పసుపు కనిపించదు. అందుకే పరిశోధన నిజమైన చెత్త మీద చేశారా, సీసాల్లో కొన్న లవణాల మీద చేశారా అన్నది నేను మొట్టమొదట వెతుకుతాను.

చిక్కదనం గురించి కూడా మీ వ్యాసం మాట్లాడలేదు. పైన చెప్పిన ఫాస్ఫోనియం ద్రవం గది వేడిలో, తేమ లేకుండా ఉన్నప్పుడు, నీటి కన్నా వెయ్యి రెట్లకు పైగా చిక్కన. ఒంపితే తేనెలా జారుతుంది. పిపెట్‌లోకి రాదు, వచ్చినా గోడలకు అంటుకుని సగం లోపలే ఉండిపోతుంది. నీళ్లు పీల్చుకున్నాక, వేడిచేశాక పలచబడుతుంది, అందుకే అరవై డిగ్రీల దగ్గర పెట్టి కుదుపుతాం, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ల్యాబ్‌లో ఇది విసుగు మాత్రమే. ఫ్యాక్టరీలో అయితే పంపులు, వేడి, కరెంటు ఖర్చు, పొరలు తేరుకునేదాకా ఆగే సమయం. పాత్ర గోడకు అంటుకున్న ప్రతి పొరా కడిగిన నీళ్లలోకే పోతుంది.

దాంతో రెండో మాట దగ్గరికి వచ్చాం. "ఆవిరి కాదు కాబట్టి ప్రమాదం లేదు." కిరోసిన్‌తో పనిచేసినదాన్ని కాబట్టి ఆవిరి లేకపోవడం ఎంత మేలో నాకు తెలుసు. తలనొప్పి ఉండదు, నిప్పురవ్వ భయం తగ్గుతుంది. కానీ ఆవిరి కాకపోవడం, విషం కాకపోవడం ఒకటి కావు. ఇవి బొత్తిగా ఆవిరి కావన్న మాట కూడా ఇప్పుడు నిలవదు. 2006లో మార్టిన్ అర్ల్, ఆయన సహచరులు కొన్ని అయానిక్ ద్రవాలను వాక్యూమ్‌లో వేడిచేసి స్వేదనం చేసి, అంటే ఆవిరిగా మార్చి మళ్లీ ద్రవంగా పట్టి, చూపించారు. అదే ఏడాది ఇంకొందరు వీటిలో కొన్ని మండుతాయని కూడా నిరూపించారు. మామూలు వాడకంలో ఇవి పెద్ద ప్రమాదాలు కావు. అసలు దారి గాలి కాదు, నీరు.

పొడుగు తోకలున్న ఇమిడజోలియం ద్రవాలు నీటిలోని చిన్న జీవులకు విషం. తోక పొడుగయ్యేకొద్దీ విషం పెరుగుతుంది, ఎందుకంటే అవి సబ్బులాగే కణాల పైపొరలోకి చొచ్చుకుపోతాయి. దురదృష్టం ఏమిటంటే, లోహాన్ని నీటి నుంచి బాగా లాగడానికి పనికొచ్చేవి కూడా ఆ పొడుగు తోకలే. 2018లో ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో ఒక చెత్త పూడ్చిన స్థలం దగ్గర మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియం అయాన్ దొరికినట్టు న్యూకాజిల్ పరిశోధకులు వెల్లడించారు. ఆవిరి కాని ద్రవం ఒకసారి నేలలోకి చేరితే, ఆవిరైపోయి తప్పుకునే అవకాశం కూడా దానికి లేదు. రుణాయాన్ల, అంటే రుణావేశమున్న అయాన్ల, సంగతీ చూడాలి. బీటైన్ ద్రవంలో నేను మెచ్చుకున్న ఆ మంచి గుణాలన్నిటికీ తోడు బిస్‌ట్రిఫ్లిమైడ్ అనే, ఫ్లోరిన్ ఉన్న రుణాయాన్ ఉంది. అది ప్రకృతిలో సులభంగా విరగదు. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా చెప్పాలి.

ఫ్లోరిన్ గురించి ఇంకొకటి. ఒకప్పుడు ప్రతి ల్యాబ్‌లోనూ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ద్రవాలే ఉండేవి. 2003లో రాబిన్ రోజర్స్ బృందం, అంటే ఈ ద్రవాలను లోకానికి పరిచయం చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నవాళ్లే, అవి నీటితో చర్య జరిపి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ను వదులుతాయని రాసి అందరినీ హెచ్చరించారు. అది గాజును తినేస్తుంది, చర్మం మీద పడితే ఎముకదాకా పోతుంది. తాము పెంచిన రంగంలోని లోపాన్ని తామే ముందుకొచ్చి చెప్పడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. ఆ రసాయనం పేరు మీ వ్యాసంలో "సురక్షిత ద్రవాలు" అన్న వరుసలో ఉంది. దయచేసి దాన్ని సవరించండి.

మూడో మాట, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చన్నది. 1999లో షెంగ్ దాయ్ బృందం క్రౌన్ ఈథర్ (లోహ అయాన్‌ను మధ్యలో పట్టుకునే వలయంలాంటి అణువు) కలిపిన ఇమిడజోలియం ద్రవంతో నీటిలోని స్ట్రాన్షియంను లాగితే, మామూలు ద్రావణులకు అందని స్థాయిలో వచ్చింది. అణు వ్యర్థాల్లో స్ట్రాన్షియం పెద్ద బెడద కాబట్టి అందరూ ఉత్సాహపడ్డారు. రెండేళ్ల తర్వాత మార్క్ డైట్జ్, ఆయన సహచరి జూలీ జీలావా దాని వెనక జరుగుతున్నదేమిటో తేల్చారు. రెండు ఆవేశాలున్న ఒక స్ట్రాన్షియం ద్రవంలోకి వచ్చినప్పుడల్లా, లెక్క సరిపోవడానికి రెండు ఇమిడజోలియం అయాన్లు నీటిలోకి వెళ్లిపోతున్నాయి. అంటే వెలికితీత ఎంత బాగా జరిగితే ద్రవం అంత తరిగిపోతుంది. ఒక కాలుష్యాన్ని నీటిలోంచి తీసి ఇంకోదాన్ని నీటిలో పెట్టినట్టయింది. అన్ని అయానిక్ ద్రవాల్లోనూ ఇలా జరగదు. పైన చెప్పిన ఫాస్ఫోనియం ద్రవంలో కోబాల్ట్ క్లోరైడ్ ముద్దగా వస్తుంది కాబట్టి ధనాయాన్‌ను తోసెయ్యదు, ఆ పొడుగు తోకలకు నీళ్లు పడవు కూడా. అందుకే ఏ ద్రవమైనా ఎన్ని విడతలు వాడారు, చివరికి ఎంత మిగిలింది, పోయింది ఎక్కడికి పోయింది అన్న మూడింటికీ జవాబు రాయకుండా "మళ్లీ మళ్లీ వాడొచ్చు" అనకూడదు.

కోలిన్ క్లోరైడ్ రకం ద్రవాలను మీ వ్యాసం వీటితో కలిపేసింది. ఇవి కచ్చితంగా అయానిక్ ద్రవాలు కావు, దగ్గరి చుట్టాలు. అబ్బాట్ 2003లో కోలిన్ క్లోరైడ్ ఒక వంతు, యూరియా రెండు వంతులు కలిపితే 12 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుందని చూపాడు. ఒక్క యూరియానే కరగాలంటే 133 డిగ్రీలు కావాలి. కోలిన్ క్లోరైడ్ కోళ్ల దాణాలో కలిపే పదార్థం, చవక, విషం కాదు. నాకు ఎక్కువ ఆశ వీటి మీదే. కానీ 2019లో లిథియం బ్యాటరీల నుంచి కోబాల్ట్ తీయడానికి కోలిన్ క్లోరైడ్, గ్లైకాల్ మిశ్రమాన్ని 180 నుంచి 220 డిగ్రీల దాకా వేడిచేశారు. ఆ వేడిలో ఏం జరుగుతుందో 2022లో లూవెన్ వాళ్లు పరీక్షించారు. 180 డిగ్రీల దగ్గర కోలిన్ క్లోరైడ్ విరిగిపోయి ట్రైమిథైల్ అమీన్, క్లోరోఇథనాల్ పుడుతున్నాయని తేలింది. రెండోది గట్టి విషం. కోళ్లకు పెట్టేది కదా అనుకుని మూతలేని గిన్నెలో మరిగించేవాళ్లు ఉంటారు, సంపాదకులారా. నా టెన్షన్ అంతా అదే.

ఫ్యాక్టరీ దాకా వెళ్లిన పద్ధతి కూడా ఒకటుంది, దాని గురించి రాస్తే మీ పాఠకులకు చాలా ఉపయోగం. సహజవాయువులో కొద్దిగా పాదరసం ఉంటుంది, అది అల్యూమినియం పరికరాలను తొలిచేస్తుంది. మలేసియాకు చెందిన పెట్రోనాస్, బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం కలిసి రాగి, క్లోరైడ్ ఉన్న అయానిక్ ద్రవాన్ని తయారుచేశాయి. అది పాదరసాన్ని ఆక్సీకరించి పట్టుకుంటుంది. ఇక్కడ వాళ్లు చేసిన తెలివైన పని, ద్రవాన్ని ద్రవంగా పంపుల్లో తిప్పకపోవడం. గట్టి గుళికల రంధ్రాల్లో సన్నటి పూతగా నింపి, వాయువును దాని మీదుగా పోనిచ్చారు. చిక్కదనం సమస్య లేదు. నీళ్లే లేవు కాబట్టి నీటిలో కలిసే సమస్యా లేదు. ఆవిరి కాదు కాబట్టి ద్రవం వాయువుతో పాటు కొట్టుకుపోదు. "ఆవిరి కాదు" అన్న గుణం నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడ.

కాబట్టి నేను అడిగేది ఒకటే. ఇకముందు ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేఖరి "ఎంత శాతం కరిగింది" దగ్గరే ఆగిపోకుండా, కరిగినదాన్ని దేనితో దించారు, దించాక ద్రవం ఏ రంగులో మిగిలింది, కడిగిన నీళ్లను పరీక్షించారా, వాడింది నిజమైన చెత్తేనా అని పరిశోధకులను అడగాలి. నిజాయితీగా పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు. మా ల్యాబ్‌కు ఎవరైనా వచ్చి కడిగిన నీళ్ల గురించి అడిగితే నేను కుర్చీ వేసి కూర్చోబెడతాను.

సవరణ వేస్తే అందులో ఈ కింది సంగతులు తప్పక ఉండేలా చూడండి. ఇవి బోర్డులు విప్పి బతికేవాళ్ల చేతికి నేరుగా ఇవ్వాల్సిన రసాయనాలు కావు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. వాడాక మిగిలిన ద్రవాన్ని, పాత్రలు కడిగిన మొదటి నీళ్లను కాలువలో పోయకూడదు. పేరు, తేదీ రాసిన మూత ఉన్న సీసాలో పోసి, ఫ్లోరిన్ ఉన్నవి ప్లాస్టిక్ సీసాలో విడిగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి.

ఇట్లు
లోహ రసాయన ప్రయోగశాలలో పనిచేసే ఒక పాఠకురాలు